తలసరి అప్పూ, ఏసీ భాయ్ ప్రయాణమూ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. (ఆ రోజులంటే మరీ రేడియో ముందు చేరి వార్తలు విన్న కాలం కాదు లెండి. ప్రతివాళ్ళ చేతిలో ఫోనూ, ఆ ఫోన్లో అరడజను గ్రూపులూ ఉన్న కాలమే.) తెలిసింది తక్కువగానూ ధైర్యం ఎక్కువగానూ ఉండే వయసొకటి ఉంటుంది చూశారూ, ఆ వయసులో ఉన్నాను. ఇప్పుడు ఒక మాట చెప్పాలంటే ముందో 'బహుశా', వెనకో 'అయితే' తగిలిస్తే గాని నోరు పెగలదు. అప్పుడలా కాదు. అడిగిన ప్రశ్నకు సమాధానం రాకపోతే దాని పక్క ప్రశ్నకు చెప్పేసేదాన్ని, అదీ గట్టిగా.

పెళ్ళయిన ఏడాదికి మా ఆయన వెంట జెద్దాలో దిగాను. ఆయనది ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం. నాది గుంటూరులో చదివిన వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ. ఎడారి దేశంలో మూడో అంతస్తు ఫ్లాటులో ఆ చదువుతో నేను చేయగలిగిందల్లా బాల్కనీలో ఒక పుదీనా కుండీని రెండు వారాలు బతికించడమే. (మూడో వారం ఎండ గెలిచింది.) ఇంటిపని పదింటికల్లా అయిపోయేది. అక్కణ్ణుంచి సాయంత్రం దాకా ఏసీ చప్పుడొకటే నాకు తోడు. కాలేజీలో వక్తృత్వ పోటీల్లో బహుమతులు తెచ్చుకున్న దాన్ని, ఇక్కడ మా ఆయన ఇఖామా (ఈ దేశంలో ఉండనిచ్చే అనుమతి) కార్డు కింద 'డిపెండెంట్' అన్న ఒక్క మాటగా మిగిలిపోయానని ఏడుపొచ్చేది. అందుకే మనవాళ్ళ పిల్లలు చదివే స్కూల్లో, బాలికల విభాగంలో, టీచరు కావాలని తెలియగానే సర్టిఫికెట్లు సంచిలో వేసుకుని పరుగెత్తాను.

ఖాళీ ఉన్నది బోటనీలో కాదు, ఎకనామిక్స్‌లో. ఆ టీచరు కాన్పుకి ఇండియా వెళ్ళిపోయిందట. ప్రిన్సిపాల్‌ని అందరూ పెద్ద మేడమ్ అనేవాళ్ళు. హైదరాబాదావిడ. నా సర్టిఫికెట్లు అటూ ఇటూ తిప్పి చూసి, మొక్కైనా దేశమైనా పెరిగేదే గదమ్మా, చెప్పేయ్ అన్నది. అయితే ఒక షరతు పెట్టింది. ఈ టర్మంతా టెంపరరీ. తల్లిదండ్రుల నుంచి కంప్లైంట్ రాకపోతే పర్మనెంట్, వస్తే మళ్ళీ నా ఫ్లాటూ నా ఏసీ చప్పుడూ. జీతం కోసమని కాదు, నన్ను 'మేడమ్' అని పిలిచే ముప్ఫైమంది ఆడపిల్లల కోసం ఆ ఉద్యోగం నాకు కావాలి. ఎంత కావాలంటే, ఇంట్లో కూడా మా ఆయన కాఫీ అడిగితే 'చెయ్యెత్తి అడగండి' అనే స్థితికి వచ్చేశాను.

పిల్లలకంటే ఒక్క పాఠం ముందుండటమే నా బోధనా పద్ధతి. అలా నెట్టుకొస్తూ ఉండగా ప్రభుత్వ బడ్జెటు, లోటు, దేశపు అప్పు అనే పాఠం దగ్గరికొచ్చాం. అంతకుముందు రాత్రి ఆ పాఠం చదివితే నాకు అర్థమైంది ఒక్కటే, మన దేశ ప్రభుత్వానికి బోలెడంత అప్పుంది. మిగతాదంతా నేను మా నాన్న దగ్గర నేర్చుకున్న ఆర్థికశాస్త్రంతో నింపేశాను. మా నాన్న దృష్టిలో అప్పు చేసినవాడు తలెత్తుకోకూడదు. కాబట్టి క్లాసులో నిలబడి మొత్తం అప్పుని జనాభాతో భాగించి, తలకి ఇంత అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, చుట్టూ ఎర్రగీత గీశాను. ఇది మీలో ప్రతి ఒక్కరి నెత్తి మీదా ఉంది, ఇంట్లో పాలు తాగే మీ తమ్ముడి నెత్తి మీద కూడా ఉంది, తీర్చక తప్పదు అన్నాను. పిల్లలు గబగబా నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. నా వక్తృత్వం అంత బాగా పనిచేసిన రోజు లేదు. ఆ ఊపులో కొత్త రకం హోంవర్కు కూడా ఇచ్చాను. ఇవాళ నేర్చుకున్నది ఇంటికెళ్ళి మీ అమ్మానాన్నలకి మీ మాతృభాషలో వివరించండి అని.

ఇంకే ఊళ్ళోనైనా ఇది ఇంతటితో పోయేది. నాన్నలు పేపరు మీంచి తలెత్తకుండా 'ఊఁ' అనేవాళ్ళు. కానీ జెద్దాలో కుటుంబంతో ఉండే మనవాళ్ళకి 'తల' అన్న మాట వింటే గుండె జారుతుంది. భార్యకింత, పిల్లవాడికింత అని తలల లెక్కన ఏటా ఫీజు కడితేనే ఇఖామా రెన్యువల్ అవుతుంది. తలకింత అన్నదేదైనా సరే కట్టాల్సిందే, కట్టకపోతే ఎక్కడో ఒకచోట పట్టుకుంటారు, అదీ వాళ్ళ అనుభవం. పైగా ఇక్కణ్ణుంచి శాశ్వతంగా వెళ్ళిపోయేవాళ్ళు ఖురూజ్ వీసా కొట్టించుకోవాలి. అది కొట్టించాలంటే కారు మీద పడ్డ జరిమానాలూ బ్యాంకు బాకీలూ అన్నీ తీరి ఉండాలి. అలాంటి ఇళ్ళకి ముప్ఫైమంది ఆడపిల్లలు వెళ్ళి, ముప్ఫై వంటగదుల్లో, అచ్చ తెలుగులో, ఉర్దూలో, మలయాళంలో, తలకి ఇంత అని చెప్పారు.

మర్నాటికి పేరెంట్స్ గ్రూపు అట్టుడికిపోయింది. ఈ కొత్త ఫీజు ఎప్పట్నుంచి అని ఒకరు. ఇండియా ప్రభుత్వం వసూలు చేస్తుందా, ఇక్కడిదా అని ఇంకొకరు. ఇక్కడి ప్రభుత్వం కూడా ఈ ఏడు లోటు బడ్జెట్టే పెట్టింది కదా, మన తలలు ఏ లెక్కలోకొస్తాయి అని మరొకరు. రెండు లెక్కల్లోకీ వస్తాయి, రెండుచోట్లా కట్టాలి అని అన్నీ తెలిసిన ఒకాయన తేల్చేశాడు. (ఇలాంటి ఆయన ప్రతి గ్రూపులోనూ ఒకడుంటాడు. ఆ వారం ఆ పదవికి నేనే పోటీ అనుకోండి.)

ఆ సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక స్టాఫ్‌రూములోకి ఏసీ భాయ్ వచ్చాడు. మా క్లాసులో 'ఎందుకు పిల్ల' అని పేరుపడ్డ అమ్మాయికి తండ్రి. రాయచోటి మనిషి. స్కూల్లోనూ, మా తెలుగువాళ్ళ ఇళ్ళలోనూ ఏసీ ఎప్పుడు మొరాయించినా ఆయనే వచ్చేవాడు. మామూలుగా బాలికల విభాగం గేటు దాటి మగవాళ్ళు రాకూడదు, చేతిలో పనిముట్ల సంచి ఉంటే తప్ప. ఆయన స్టూలెక్కి, బాగానే పనిచేస్తున్న ఏసీ మూత విప్పి, ఫిల్టరు దులుపుతూ, నా వైపు చూడకుండా మొదలుపెట్టాడు.

"మేడమ్, మా పాప నిన్న లెక్క జేసి చూపిచ్చింది. మా ఇంట్లో ఐదు తలకాయలుండాయి. ఖురూజ్ కొట్టిచ్చుకున్యా, టికెట్లు గూడా తీసుకున్యా. జరిమానాలు కట్టేసినా, కరెంటు బిల్లు కట్టేసినా. ఇదొక్కటే మిగిలిపోయినాది. యాడ కట్టాల్నో చెప్తే కట్టేసి పోతా."

నాకు నవ్వు రాబోయి ఆగిపోయింది, ఎందుకంటే ఆయన నవ్వడం లేదు. ఏళ్ళ తరబడి మిద్దెల మీద ఎండలో నిలబడి ఏసీలు బాగుచేసి, రాయచోటిలో సొంతంగా ఏసీల షాపు పెట్టుకోవడానికి అక్కడి బ్యాంకులో కొంత డబ్బు డిపాజిట్ చేసుకున్నాడు. ఐదు తలల బాకీ అందులోంచి తీస్తే షాపు సగానికి తెగుతుంది. ఇంటావిడ అప్పటికే ఫ్రిజ్జూ సోఫా అమ్మేసింది. అయినా సరే, ఎయిర్‌పోర్టులో పెళ్ళాంబిడ్డల ముందు ఆపితే పరువు పోతుంది కాబట్టి, ఖురూజ్ రద్దు చేయించుకుని ఇంకో రెండేళ్ళు ఇక్కడే పనిచేద్దామా అని ఆలోచిస్తున్నాడు. ఇదంతా నా ఎర్రగీత పుణ్యమే. అలాంటి బాకీ ఏదీ లేదని చెప్పాను. 'మరి అప్పుందని మీరే చెప్తిరి గదా' అన్నాడు. ఉందన్నాను. ఉంటే ఎవరు కట్టాలన్నాడు. ఎవరికి కట్టాలన్నాడు. ఆ రెండో ప్రశ్నకి మాత్రం కనుక్కుని చెబుతానన్నాను. ఆయన మూత బిగించి, స్టూలు దిగి, సలాం చెప్పి వెళ్ళిపోయాడు.

పెద్ద మేడమ్ నుంచి పిలుపు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. "ఏం చెప్పినవమ్మా పిల్లలకు? పొద్దుగాల్నుంచి నా ఫోను మోగుతనే ఉంది. ఒకాయనైతే వాయిదాల మీద కట్టొచ్చా అని అడుగుతుండు" అన్నది. శనివారం పొద్దున తల్లిదండ్రులందర్నీ పిలిచేశాననీ, నేనే మైకు ముందు నిలబడి చెప్పాలనీ, వాళ్ళు సమాధానపడితే ఉంటాననీ, లేకపోతే తను చేయగలిగిందేమీ లేదనీ, ఇదంతా బిస్కెట్లు నా ముందుకి జరుపుతూనే అన్నది. ఆ బిస్కెట్లు చూస్తే నాకు వీడ్కోలు సభ గుర్తొచ్చింది.

ఆ రోజు గురువారం. ఇంటికొచ్చి పాఠం మళ్ళీ ముందేసుకున్నాను. మా ఆయన సాయం చేస్తానని కూర్చుని, మన కారు లోను తీరేలోపు దేశపు అప్పు తీరుతుందేమో చూడు అని హాస్యమాడి, వంటగదిలోకి పంపించబడ్డారు. నేను మాత్రం ఏసీ భాయ్ వదిలి వెళ్ళిన ప్రశ్న దగ్గరే కొట్టుకుంటున్నాను. అప్పు ఉందంటే ఇచ్చినవాడు ఉండాలి. ఇంత పెద్ద ప్రభుత్వానికి ఇంత అప్పిచ్చినవాడెవడు? పుస్తకంలో 'బాండ్లు' అని ఉంది. బాండ్లు కొన్నదెవరు? 'బ్యాంకులు, బీమా సంస్థలు, భవిష్యనిధి' అని ఉంది. బ్యాంకులకి డబ్బెక్కడిది? నా మొదటి జీతం నేను తెనాలి బ్యాంకులో వేశాను. ఆ బ్యాంకులోనే పనిచేసే మా పిన్నికి ఫోన్ చేసి, పిన్నీ, నా డబ్బెక్కడుంది అని అడిగాను. ఆవిడ కంగారుపడి, ఎవరికైనా ఓటీపీ గానీ చెప్పావుటే అన్నది. కాదు, నా డబ్బు మీరు బీరువాలో పెట్టి తాళం వేశారా, ఏం చేశారు అన్నాను. అప్పుడు స్థిమితపడి, కొంత అప్పులిస్తామనీ, కొంత ప్రభుత్వ బాండ్లలో పెడతామనీ, అలా పెట్టి తీరాలని నియమమే ఉందనీ చెప్పింది. ఫోను పెట్టేసి నేను వంటగదిలోకి పరుగెత్తి, ప్రభుత్వం నాకు బాకీ అని అరిచాను. మా ఆయన ఉల్లిపాయలు తరుగుతూ, మరి వసూలు చెయ్యి అన్నారు. ఆ తర్వాత పాఠమంతా చిక్కుముడి విప్పినట్టు విడివిడిగా వచ్చేసింది. ఒక్కొక్క పేరా చదువుతుంటే నా అంతట నాకే ముచ్చటేసింది.

శనివారం హాలు నిండిపోయింది. ఒకవైపు నాన్నలు, ఒకవైపు అమ్మలు, చివరి వరసలో తలుపు పక్కన ఏసీ భాయ్. మొదటి వరసలో ఆడిట్ గారు కూర్చున్నారు. ఆయన ఏదో కంపెనీలో అకౌంట్సు చూసే తండ్రి, గ్రూపులో అన్నీ తేల్చేసిన ఆయన ఈయనే. తెలుగులో మొదలుపెట్టి, ఉర్దూలోకి జారి, అవసరమైనచోట ఇంగ్లీషు పట్టుకుని లాక్కొచ్చాను. ముందుగా ఎవరూ ఎక్కడా ఏమీ కట్టక్కర్లేదన్నాను. తలసరి అప్పు అనేది ఒక భాగాహారం మాత్రమే, రసీదు కాదన్నాను. హాలంతా ఊపిరి వదిలిన చప్పుడు మైకులో కూడా వినబడింది.

అక్కడితో ఆపి కూర్చుంటే ఉద్యోగం నిలిచేదేమో. కానీ నాకు అప్పుడే అర్థమైన విషయం కడుపులో ఆగుతుందా? కొనసాగించాను. ఒక ఏడాది ప్రభుత్వానికి వచ్చినదానికన్నా ఖర్చు ఎక్కువైతే ఆ తేడా లోటు, ఏటేటా ఆ లోట్లు పేరుకుంటే అప్పు అన్నాను. అలా ఖర్చుపెట్టడం ఎందుకు, ఉన్నంతలో ఉండొచ్చు కదా అని ఆడిట్ గారు అడిగారు. నేను మా నాన్న కూతురిగా రెండ్రోజుల కిందటి దాకా అడిగిన ప్రశ్నే అది. అందుకని నిదానంగానే చెప్పాను. ఈ ఊళ్ళో రోడ్లు వేస్తున్నారు, ఆసుపత్రులు పెంచుతున్నారు, మీలో సగంమంది జీతాలు ఆ పనుల మీద ఆధారపడి ఉన్నాయి. చమురు ధర పడిపోయిన ఏడాది ఇక్కడి ప్రభుత్వం, మాకు లోటు వద్దు అని పనులన్నీ ఆపేస్తే ముందుగా ఎవరు ఇంటికెళ్తారు అని అడిగాను. పనులు ఆగిన రోజులూ, జీతాలు ఆలస్యమైన నెలలూ వాళ్ళలో చాలామంది చూసినవాళ్ళే. అమ్మలవైపు ఒకావిడ 'మనమే' అన్నది, ఎవరితోనో కాదు, తనలో తనే.

అయితే ఎంత అప్పైనా చేసుకోవచ్చన్నమాట అని ఆడిట్ గారు పట్టు వదల్లేదు. (అడగవలసిన ప్రశ్నే అడిగారు పాపం, అప్పుడు మాత్రం నాకు ఆయన మీద ఒళ్ళు మండింది.) చేసుకోకూడదన్నాను. షాపు పెట్టడానికి చేసిన అప్పు వేరు, నెలనెలా బిర్యానీకి చేసే అప్పు వేరు, వచ్చే పన్నులన్నీ వడ్డీకే పోయే రోజొస్తే ఏ ప్రభుత్వమైనా మునుగుతుంది అన్నాను. మరి మనిషికీ ప్రభుత్వానికీ తేడా ఏమిటన్నారు. ఆ జవాబు నేను ముందుగా అనుకున్నది కాదు. చివరి వరసలో తలుపు పక్కన నిలబడ్డ ఏసీ భాయ్ మొహం చూస్తే నోటికొచ్చింది.

"మనం ఏదో ఒకరోజు ఖురూజ్ మీద వెళ్ళిపోయేవాళ్ళం. అందుకే వెళ్ళేలోపు అన్నీ తీర్చెయ్యమంటారు. ప్రభుత్వానికి ఖురూజ్ లేదు. అది ఎక్కడికీ పోదు. పాత అప్పు తీర్చి కొత్తది తీసుకుంటుంది, రేపు కూడా ఇక్కడే ఉండి పన్నులు వసూలు చేస్తుందన్న నమ్మకంతోనే ఇచ్చేవాళ్ళు ఇస్తారు."

నవ్వు మొదలైంది, ముందు అమ్మలవైపు, తర్వాత నాన్నలవైపు. నవ్వులో చప్పట్లు కలిశాయి. ఆడిట్ గారు తల ఊపుతూ ఏదో రాసుకున్నారు. పెద్ద మేడమ్ పక్కావిడ చెవిలో ఆ మాట ఉర్దూలో మళ్ళీ చెప్పుకుంటోంది. ఇంతలో ఏసీ భాయ్ చెయ్యెత్తాడు, క్లాసులో వాళ్ళమ్మాయి ఎత్తినట్టే. ఆ ఇచ్చేవాళ్ళు ఎవరు మేడమ్ అన్నాడు. ఆ ప్రశ్న కోసమే నేను గురువారం నుంచి కాచుకుని ఉన్నాను. మీకు బ్యాంకులో డిపాజిట్ ఉంది కదా, ఆ డబ్బు బ్యాంకు ఏం చేస్తుందనుకుంటున్నారు అని మొదలుపెట్టి, పిన్ని చెప్పిందంతా అప్పజెప్పాను. విదేశాల నుంచి తెచ్చిన అప్పు కొంత ఉంటుంది, కానీ మన ప్రభుత్వానిది ఎక్కువ భాగం ఇంట్లోవాళ్ళకే బాకీ, బ్యాంకులో డబ్బు వేసుకున్న ప్రతివాళ్ళూ అందులో అప్పిచ్చినవాళ్ళే అన్నాను. ఆయన హాలు వైపు తిరిగి, ఏ తొందరా లేకుండా అన్నాడు.

"అంటే బాకీ నాది గాదు. నాకే బాకీ."

ఆ తర్వాత జరిగినదాన్ని సభ అనడానికి లేదు. నాన్నలందరూ లేచి నిలబడి, ఎవరి డిపాజిట్ ఏ బ్యాంకులో ఉందో ఒకరికొకరు చెప్పుకున్నారు. భయంభయంగా వచ్చిన మనుషులు ప్రభుత్వానికి అప్పిచ్చిన పెద్దమనుషుల్లా, కొంచెం ఛాతీ విరుచుకుని, కొంచెం దయగా మాట్లాడుకుంటూ గేటు దాటారు. వాయిదాల మీద కడతానన్న తండ్రి నా దగ్గరికొచ్చి, ఇలా అప్పిచ్చినందుకు ప్రభుత్వం వడ్డీ సరిగా ఇస్తోందా లేదా అని ఆరా తీశాడు. పెద్ద మేడమ్ ఆ సోమవారమే నన్ను పర్మనెంట్ చేసింది. కంప్లైంట్ వస్తే తీసేస్తానన్నారు కదా అంటే, "కంప్లైంట్ నీ మీద కాదు గదమ్మా, ఇప్పుడు గవర్నమెంట్ మీద చేస్తుండ్రు" అన్నది. ఆ సాయంత్రం ఇంటికి నడిచొస్తుంటే సముద్రం మీంచి వచ్చే ఆ ఉక్కపోత గాలి కూడా నాకు చల్లగా తగిలింది. నా జీవితంలో నేను గెలిచిన పోటీలన్నింట్లో కప్పు ఇవ్వని పోటీ అదొక్కటే, గుర్తుంచుకున్న పోటీ కూడా అదొక్కటే.

ప్రయాణానికి ముందురోజు ఏసీ భాయ్ మా ఇంటికొచ్చి, అడక్కుండానే మా ఏసీలు రెండూ సర్వీసు చేశాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. మర్నాడు ఇంటిల్లిపాదీ విమానం ఎక్కుతున్నారనీ, పోగానే షాపుకి బోర్డు రాయిస్తాననీ చెప్పాడు. చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో ఆగాడు.

"మేడమ్, గవర్నమెంటు నాకియ్యాల్సింది ఉండాది గదా. తొందరేం లేదని చెప్పండి" అన్నాడు.

వాళ్ళని ఎయిర్‌పోర్టులో ఎవరూ ఆపలేదు. రాయచోటిలో షాపు వెలిసింది. నేను ఆ తర్వాత దూరవిద్యలో ఎకనామిక్స్ చదివి, పట్టా పుచ్చుకుని, ఇప్పుడు అదే పాఠం జాగ్రత్తగా చెబుతున్నాను. ఇవాళ నన్ను ఆ తండ్రుల ముందు నిలబెడితే, విదేశీ అప్పు సంగతి వేరు, వడ్డీ రేట్ల సంగతి వేరు, రూపాయి విలువ సంగతి ఇంకా వేరు అని మొదలుపెట్టి, ఒక్క తప్పు లేకుండా మాట్లాడి, అందర్నీ నిద్రపుచ్చి ఉండేదాన్ని. ఏసీ భాయ్ మాత్రం ఖురూజ్ రద్దు చేయించుకుని ఇంకో రెండేళ్ళు ఇక్కడే ఉండిపోయేవాడు. ఏటా బడ్జెట్ రోజున టీవీలో మంత్రిగారు అప్పుల అంకెలు చదువుతుంటే, మా రాయచోటి భాయ్ తొందరేం లేదన్నాడండీ అని చెప్పాలనిపిస్తుంది. ఎవరితో చెప్పాలో, ఎలా చెప్పాలో తెలియక ఊరుకుంటాను. ఆ వయసులో నేనైతే, మైకు దొరికితే చాలు, చెప్పేసి ఉండేదాన్ని.